గుమాస్తా బల్ల: ఖాళీ చేయించే ముందు



అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించడమంటే యెంత పనో మన కుటుంబాల్లో కొందరికి తెలుసు. ఖాళీ చేసి పోవడం యెంత పనో అంతకంటె యెక్కువమందికి తెలుసు. నోటీసు యివ్వాలి, గడువు యివ్వాలి, పెద్దమనుషులను కూర్చోబెట్టాలి, చివరకు ఆ వెళ్ళేవాడి సామాను బండికెక్కేదాకా కాచుకోవాలి. కంప్యూటరులోనూ యిటువంటి తగాదా ఒకటి వుంది. అక్కడ నోటీసూ లేదు, గడువూ లేదు. రెండు మాటలు టైపు చేస్తే లోపలివాడు వున్నపళంగా మాయమౌతాడు. పని అంత సుళువు గనుకనే అందులో ప్రమాదం కూడా వున్నది.

బరంపురం నుంచి ఒక సోదరి పోయిన నెల యీ శీర్షికకు ఉత్తరం వ్రాసినారు. వారి అబ్బాయి కంప్యూటరు చదువు చదువుతున్నాడు. సాయంత్రం కాలేజీనుంచి వచ్చి తాను వ్రాసిన ప్రోగ్రామును నడపబోతే, నాలుగు రోజులకు మూడు రోజులు, "ఈ పోర్టు యిదివరకే వాడుకలో వున్నది" అని తెరమీద యింగ్లీషులో పడి ఆగిపోతున్నదట. కంప్యూటరును ఆర్పి మళ్ళీ వెలిగిస్తే నడుస్తున్నదట. రిపేరు అంగడికి తీసుకుపోతే, లోపల వున్నదంతా తుడిచి విండోసును కొత్తగా వేస్తేగాని కుదరదని అంగడివాడు చెప్పినాడట. "ఆ పెట్టెలోనే మా మామగారి ఫోటోలన్నీ వున్నాయి. వేరే ప్రతులు లేవు. తుడిపించమంటారా?" అని అడిగినారు.

తుడిపించవద్దమ్మా. మీరు వ్రాసినదాన్నిబట్టి చూస్తే కంప్యూటరుకు జబ్బేమీ వున్నట్టు లేదు. అది చెప్పిన మాట అక్షరాలా నిజం. అబ్బాయి అడిగిన గదిలో యింకెవరో వున్నారు. వాళ్ళెవరో కనుక్కుంటే సగం పని అయినట్టే. ఎలుకమీద కోపంతో యిల్లు తగలబెట్టుకోవడం దేనికి? ఫోటోలకు మాత్రం యీ వారమే ఒక పెన్‌డ్రైవులో ప్రతి తీసి బీరువాలో పెట్టండి. ఆ పని యీ తగాదా వున్నా లేకపోయినా చేయవలసినదే.

ఒకే చిరునామా, అనేక వాటాలు

మా కోయంబత్తూరులో లైను యిళ్ళని వుంటాయి. ఒకే కాంపౌండు, ఒకే డోరు నెంబరు, లోపల వరుసగా పది పన్నెండు వాటాలు. బెంగుళూరు వారు వఠారమంటారు. ముంబయిలో వున్న మనవారికి చాలు, ఖోలీ అంటే వెంటనే తెలుస్తుంది. తపాలా బంట్రోతు వీధిగుమ్మం దాకా రావడానికి డోరు నెంబరు చాలు. లోపల యెవరి ఉత్తరమో తేలాలంటే వాటా నెంబరు కావాలి.

నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకూ వుండే ఐ.పి. అడ్రసు యీ డోరు నెంబరు వంటిది. పోర్టు అనేది వాటా నెంబరు వంటిది. పెట్టె వెనుక తీగ గుచ్చే చోటును కూడా పోర్టు అనే అంటారు గాని, యిప్పుడు మాట్లాడుకుంటున్నది అది కాదు. ఇది కంటికి కనబడేది కాదు, వట్టి నెంబరు. ఆ నెంబరు వ్రాయడానికి 16 బిట్ల చోటు కేటాయించినారు గనుక 0 మొదలు 65,535 వరకు నెంబర్లు వస్తాయి. టి.సి.పి., యు.డి.పి. అని రెండు రకాల రవాణాలు వున్నాయి. ఒక్కొక్కదానికి యీ వరుస వేరువేరుగా వుంటుంది.

బయటనుంచి వచ్చే విన్నపాలకు జవాబు చెప్పవలసిన ప్రోగ్రాము మొదలవుతూనే ఆపరేటింగ్ సిస్టమును, "నాకు 8080 నెంబరు వాటా యివ్వండి" అని అడుగుతుంది. ఖాళీగా వుంటే దొరుకుతుంది. అప్పటినుంచి ఆ ప్రోగ్రాము తలుపు దగ్గర చెవి వొగ్గి కూర్చుంటుంది. కంప్యూటరువారి పరిభాషలో కూడా దీన్ని "వినడం" అనే అంటారు. అదే రవాణాలో, అదే చిరునామామీద, అదే నెంబరు కావాలని రెండవ ప్రోగ్రాము వచ్చిందనుకోండి. వచ్చిన ఉత్తరం యెవరి చేతికి యివ్వాలి? ఒక ఒరలో రెండు కత్తులు యిమడవు. అందుచేత సాధారణంగా ఆపరేటింగ్ సిస్టము రెండవవాణ్ణి గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపిస్తుంది. ఆ పంపేటప్పుడు తెరమీద పడే తప్పు నెంబరు విండోసులో 10048, లినక్సులో 98, మాక్ యంత్రాల్లో 48. ఈ నెంబర్లలో యేది కనబడినా సంగతి ఒకటే: వాటా ఖాళీ లేదు.

నెంబర్ల రిజిస్టరు

ఈ నెంబర్లకు ఒక రిజిస్టరు వుంది. 0 నుంచి 1,023 వరకు వున్నవి అందరూ యెరిగిన పెద్ద పనులకు పెట్టినవి. వెబ్ పేజీలకు 80, తాళం వేసి పంపే వెబ్ పేజీలకు 443, ఒక సర్వరునుంచి మరొక సర్వరుకు ఈ-మెయిలు పంపడానికి 25, పేరు చెబితే చిరునామా చెప్పే డి.ఎన్.ఎస్.కు 53. 1,024 నుంచి 49,151 వరకు వున్నవి ఆయా ప్రోగ్రాములవారు అడిగి వ్రాయించుకునేవి. మై ఎస్.క్యు.ఎల్. అనే డేటాబేసుకు 3306, పోస్ట్‌గ్రెస్ అనే దానికి 5432 అలా వచ్చినవే. 49,152 నుంచి పైవి యెవరి పేరా వుండవు. మనం బయటికి వెళ్ళి ఒక పేజీ తెచ్చుకునేటప్పుడు యంత్రం తాత్కాలికంగా వాడుకొని వదిలేసే సత్రం గదుల వంటివి అవి.

ఈ రిజిస్టరును చాలాకాలం చూసినవారు అమెరికాలో జాన్ పోస్టెల్ అనే ఆయన. 1998లో పోయేవరకు ఆ బాధ్యత ఆయనదే. దూరంనుంచి కంప్యూటరులోకి భద్రంగా వెళ్ళే ఎస్.ఎస్.హెచ్. అనే పద్ధతికి 22 నెంబరు వచ్చిన తీరు కూడా గుమాస్తాలకు నచ్చేదే. 1995లో దాన్ని తయారుచేసిన ఫిన్లాండు దేశస్థుడు టాటు యులోనెన్, 21కీ 23కీ మధ్య వున్న 22 ఖాళీగా వున్నదని చూసుకొని, అది తనకు యివ్వమని ఆ రిజిస్టరువారికి ఒక ఈ-మెయిలు వ్రాసినాడు. మరునాడే నెంబరు కేటాయించినట్టు జవాబు వచ్చింది. ముందు ఖాళీ వున్నదా లేదా చూసుకున్నాడు, తరువాత అడిగినాడు. మనకు కావలసిన నీతి కూడా అంతే.

రిజిస్టరులో పేరున్నంత మాత్రాన మీ యింటి కంప్యూటరులో ఆ వాటా యెవరూ తీసుకోరని కాదు. ఎవడు ముందు వస్తే వాడు కూర్చోవచ్చు. ఒకప్పుడు స్కైప్ అనే మాట్లాడుకునే ప్రోగ్రాము కొన్ని యంత్రాల్లో 80, 443 నెంబర్లను తీసుకొని కూర్చునేది. వెబ్ సర్వరు నేర్చుకునే పిల్లలకు అది పెద్ద చిక్కు. ఆ స్కైపే 2025 మే నెలలో మూతబడింది గనుక ఆ తగాదా తీరిపోయింది. ఆ రకం తగాదా మాత్రం తీరలేదు.

లోపల వుండేది నలుగురిలో ఒకరు

ఎవరో వున్నారని తెలిసినప్పుడు ఆ యెవరో సాధారణంగా నాలుగు రకాలు.

మొదటివాడు మనవాడే. నిన్న మనం నడిపిన ప్రోగ్రామే యింకా నడుస్తూ వుంటుంది. కిటికీ మూసినంత మాత్రాన లోపలివాడు పోయినాడని చెప్పలేము. లినక్సులోగాని మాక్‌లోగాని ప్రోగ్రామును ఆపడానికి కంట్రోల్ మీటతో "సి" నొక్కాలి. "జడ్" నొక్కితే అది పోదు, నిద్రపోతుంది. నిద్రపోయేవాడు కూడా వాటాను పట్టుకొనే వుంటాడు గదా! చదువుకునే పిల్లలకు వచ్చే యిబ్బందుల్లో చాలావరకు యీ మొదటివాడివల్లనే. బరంపురం అబ్బాయికి కూడా యిదే అయివుంటుందని నా అంచనా.

రెండవవాడు వేరే పనిమీద వున్న పెద్దమనిషి. డేటాబేసు కావచ్చును, ఆఫీసు లెక్కల ప్రోగ్రాము కావచ్చును, మనకు కనబడకుండా వెనుకగదిలో పనిచేసే సేవకుడు కావచ్చును. వీడితోనే జాగ్రత్తగా వుండాలి.

మూడవవాడు యింటి యజమాని. అంటే ఆపరేటింగ్ సిస్టమే. విండోసులో 80 నెంబరు దగ్గర యెవరున్నారని చూస్తే ఒక్కొక్కప్పుడు ప్రోసెసు నెంబరు 4 అని వస్తుంది. 4 అంటే సిస్టమే. దాన్ని చంపడానికి ప్రయత్నించకూడదు. దాని వెనుక ఐ.ఐ.ఎస్. వంటి మైక్రోసాఫ్టు సేవ యేదో ఆ వాటాను తీసుకొని వుంటుంది. సర్వీసుల జాబితాలోకి వెళ్ళి ఆ సేవను ఆపాలి. మాక్ యంత్రాల్లో కూడా యిటువంటిదే ఒకటి వుంది. 2021లో వచ్చిన మాంటెరీ మొదలుకొని ఎయిర్‌ప్లే రిసీవరు అనే సౌకర్యం 5000 నెంబరును తీసుకుంటుంది. పైథాన్ భాషలో ఫ్లాస్కు నేర్చుకునే పిల్లలు పాఠం ప్రకారం అదే 5000 అడుగుతారు. లోపలివాణ్ణి చంపితే మాక్ వాణ్ణి మళ్ళీ బ్రతికించి అక్కడే కూర్చోబెడుతుంది. సెట్టింగుల్లో ఆ సౌకర్యాన్ని ఆపుచేయాలి, లేదా మనం వేరే నెంబరుకు పోవాలి.

నాలుగవ రకం విచిత్రమైనది. వాటాలో మనిషి లేడు, అయినా తాళం వేసి వుంది. వెళ్ళిపోయినవాడి పేరుమీద దారిలో వున్న ఉత్తరాలు యింకా రావచ్చు గదా! అవి కొత్తగా వచ్చినవాడి చేతిలో పడితే గందరగోళం. అందుకని టి.సి.పి. ఒక సంబంధం ముగిసిన తరువాత కొంతసేపు దాన్ని లెక్కలో అట్టే పెట్టుకుంటుంది. దీన్ని టైమ్ వెయిట్ అంటారు. 1981లో వ్రాసిన టి.సి.పి. నిబంధనల ప్రకారం యిది నాలుగు నిమిషాలు. లినక్సులో ఒక నిమిషం. ఇటువంటప్పుడు చంపడానికి యెవరూ వుండరు. లేచి ఒక కప్పు కాఫీ త్రాగి వస్తే వాటా ఖాళీ అవుతుంది. ప్రోగ్రాము వ్రాసేవారు, పాత ఉత్తరాలున్నా నాకు అభ్యంతరం లేదని ముందుగానే ఒప్పందం వ్రాసుకునే మార్గం వున్నది. దానిపేరు సో రీయూజ్ అడ్రస్. అబ్బాయి పాఠ్యపుస్తకంలో అది వుంటుంది, చూసుకోమనండి.

పేరు కనుక్కోవడం

ఇంగ్లీషులో టైపు చేయవలసిన మాటలను యిక్కడ తెలుగు అక్షరాల్లో చెబుతున్నాను.

విండోసులో టైపు చేయనక్కరలేని సుళువైన దారి ఒకటి వున్నది. స్టార్టు దగ్గర "రిసోర్స్ మానిటర్" అని వెదికి తెరవండి. అందులో నెట్‌వర్కు అనే పేజీకి వెళితే అడుగున "లిజనింగ్ పోర్ట్స్" అనే పట్టిక వుంటుంది. ఏ ప్రోగ్రాము, దాని ప్రోసెసు నెంబరు, యే పోర్టు దగ్గర వింటున్నది, అన్నీ వరుసగా కనబడతాయి. మన ఆఫీసు రిజిస్టరులాగానే వుంటుంది గనుక నాకు యిదే యిష్టం.

టైపు చేసేవారు కమాండు ప్రాంప్టు తెరచి "నెట్‌స్టాట్" అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, ఎ, ఎన్, ఓ అనే మూడక్షరాలు కలిపి కొట్టాలి. ఎంటర్ నొక్కితే పెద్ద జాబితా వస్తుంది. అందులో "లిజనింగ్" అని వున్న వరుసల్లో మీ పోర్టు నెంబరును వెదకండి. ఆ వరుస చివర వున్న అంకె ప్రోసెసు నెంబరు. కళ్ళు తెరుచుకొని చూడవలసిన సంగతి ఒకటి చెబుతాను. 80ని వెదికేటప్పుడు 8080 కూడా కంటికి తగులుతుంది. రెండూ ఒకటి కావు. ఆ ప్రోసెసు నెంబరు పట్టుకొని టాస్క్ మేనేజరులో "డిటెయిల్స్" పేజీకి వెళితే దాని పేరు తెలుస్తుంది. పేరుమీద కుడిమీట నొక్కి "ఓపెన్ ఫైల్ లొకేషన్" అంటే అది యే సంచికలోనుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది.

లినక్సులో "ఎస్.ఎస్." అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఎల్, టి, ఎన్, పి అనే నాలుగక్షరాలు కొట్టాలి. అందరి పేర్లూ కనబడాలంటే ముందు "సుడో" చేర్చాలి. లినక్సుకూ మాక్‌కూ రెంటికీ పనికివచ్చేది యింకొకటి: "ఎల్.ఎస్.ఓ.ఎఫ్." అని నాలుగక్షరాలు చుక్కలు లేకుండా కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఐ, మళ్ళీ ఖాళీ, తరువాత రెండు చుక్కల గుర్తు, దాని ప్రక్కనే పోర్టు నెంబరు. పేరూ, ప్రోసెసు నెంబరూ రెండూ వస్తాయి.

వెదికితే యెవరూ కనబడరు, అయినా విండోసు వాటా యివ్వనంటుంది. తప్పు నెంబరు 10048 బదులు 10013 అని పడుతుంది. అప్పుడు విండోసే కొన్ని నెంబర్లను గుత్తగా తీసి పక్కన పెట్టుకొని వుండవచ్చును. ఒక యంత్రంలోనే యింకొక యంత్రాన్ని నడిపే హైపర్-వి వంటి యేర్పాట్లు వున్నచోట యిలా జరుగుతుంది. వేరే నెంబరు చూసుకోవడమే అప్పుడు సుఖమైన మార్గం.

మర్యాదగా పంపడం

పేరు తెలిసింది, అది మనవాడే, పని అయిపోయింది అని రూఢి అయిన తరువాతనే పంపే మాట. పంపడంలోనూ మూడు మెట్లు వున్నాయి.

మొదటి మెట్టు, ఆ ప్రోగ్రాములోనే ఆపే మార్గం వుంటే దాన్ని వాడటం. కిటికీ మూయడమో, కంట్రోల్ సి నొక్కడమో, సర్వీసుల జాబితాలో ఆపు అనడమో. ఇంటివాడు తానుగా సామాను సర్దుకొని తాళంచెవి యిచ్చి వెళ్ళినట్టు వుంటుంది.

రెండవ మెట్టు, నోటీసు. లినక్సులోనూ మాక్‌లోనూ "కిల్" అని కొట్టి ప్రోసెసు నెంబరు కొడితే "దయచేసి ముగించు" అనే కబురు వెళుతుంది. మాట చంపుమని వున్నా చేసే పని మర్యాదైనదే. ప్రోగ్రాము ఆ కబురు అందుకొని చేతిలో వున్న కాగితాలు భద్రపరచుకొని పోగలదు. విండోసులో "టాస్క్‌కిల్" అని కొట్టి, ఏటవాలు గీత పెట్టి పి.ఐ.డి. అనే మూడక్షరాలూ చుక్కలు లేకుండా, తరువాత ప్రోసెసు నెంబరూ కొడితే యించుమించు యిదే. కిటికీ లేని ప్రోగ్రాములు మాత్రం యీ కబురును తరచు లెక్కచేయవు.

మూడవ మెట్టు, మెడపట్టి గెంటడం. కిల్ తరువాత అడ్డగీత పెట్టి 9 అంటే, లేదా టాస్క్‌కిల్‌కు ఏటవాలు గీతతో "ఎఫ్" చేర్చితే, లోపలివాడికి మాట్లాడే అవకాశమే వుండదు. ఆ కబురు వాడిదాకా పోదు. ఆపరేటింగ్ సిస్టమే వాణ్ణి తీసివేస్తుంది. చేతిలో సగం వ్రాసిన కాగితం వుంటే అది అంతటితో సరి. గోటితో పోయేదానికి గొడ్డలి యెత్తవద్దు. రెండవ మెట్టు తరువాత పది సెకండ్లు ఆగి చూసి, కదలకపోతేనే మూడవది.

ఇంకొక మాట. ప్రోసెసు నెంబరు ఆ పూటకే చెల్లుతుంది. ప్రోగ్రాము మళ్ళీ మొదలైతే కొత్త నెంబరు వస్తుంది, పాత నెంబరు యింకొకరికి పోవచ్చు. నిన్న కాగితంమీద వ్రాసిపెట్టుకున్న నెంబరుతో యీరోజు టాస్క్‌కిల్ కొట్టడం, పాత చిరునామా చూసి కొత్తగా వచ్చినవాళ్ళ సామాను బయట వేయించడం వంటిది.

ఒక ఆఫీసులో జరిగినది

ఈ మెట్లన్నీ చాదస్తమని కొందరు యువకులు అనుకుంటారు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో నెలాఖరున జరిగిన సంగతి చెబుతాను.

ఆ ఆఫీసులో కూలీల జీతాల లెక్క ఒక పెద్ద కంప్యూటరుమీద, మై ఎస్.క్యు.ఎల్. డేటాబేసులో వున్నది. నలుగురు గుమాస్తాలు తమ తమ బల్లలనుంచి అందులో హాజరు పట్టీలు ఎక్కిస్తున్నారు. అదే యంత్రంమీద సరకుల లెక్కకు కొత్త ప్రోగ్రాము వేయడానికి బయటి కంపెనీవారి కుర్రవాడు వచ్చినాడు. ఆ కొత్త ప్రోగ్రాము కూడా తన వెంట ఒక డేటాబేసును తెచ్చుకొని 3306 నెంబరే అడిగింది. ఖాళీ లేదని తప్పు పడింది. కుర్రవాడు చురుకైనవాడు. ప్రోసెసు నెంబరు కనుక్కున్నాడు. ఎవరని మాత్రం అడగలేదు. ఎఫ్ చేర్చి టాస్క్‌కిల్ కొట్టినాడు. తన ప్రోగ్రామును మొదలుపెట్టినాడు. "ఎర్రర్ పోయింది సార్" అన్నాడు.

నాలుగు బల్లలమీద తెరలు ఒకేసారి నిలిచిపోయినాయి. జీతాల ప్రోగ్రాము యథాప్రకారం 3306 తలుపు తట్టింది. తలుపు తీసింది కొత్తవాడు. వాడికి వీళ్ళ పేర్లు తెలియవు, లోపలికి రానివ్వడు. హెడ్డుగుమాస్తాగారు పరుగున వచ్చి అడిగినారు: "తంబీ, అందులో యెవరున్నారో చూసినావా?" కుర్రవాడు నెంబరు చూసినాడు గాని పేరు చూడలేదు.

నష్టం యెంతవరకు? పూర్తిగా ఎక్కించి ముగించిన పద్దులు పోలేదు. మంచి డేటాబేసు హఠాత్తుగా పడిపోయినా, మళ్ళీ లేచినప్పుడు తన చిట్టా చూసుకొని, పూర్తి అయినవాటిని నిలబెట్టి, సగంలో వున్నవాటిని కొట్టివేస్తుంది. కాని భోజనం తరువాత నలుగురూ తెరమీద నింపుతూ యింకా భద్రపరచని పట్టీలు పోయినాయి. అవన్నీ కాగితాలు వెదికి మళ్ళీ ఎక్కించి, సరిచూసి, జీతాలు బ్యాంకికి పంపేసరికి ఒకరోజు ఆలస్యమైంది. ఒక్కరోజే గదా అనవచ్చు. ఒకటవ తారీఖున వాటా అద్దె కట్టవలసినవాళ్ళకూ, పాలవాడికి మాట యిచ్చినవాళ్ళకూ అది ఒక్కరోజు కాదు. ఆ కుర్రవాడు ఖాళీ చేయించినది ఒక ప్రోగ్రామును అనుకున్నాడు. దాని వెనుక యెన్ని యిళ్ళు వున్నవో అతనికి కనబడలేదు.

దాన్ని సరిచేసిన తీరు చెబితే నవ్వు వస్తుంది. కొత్త ప్రోగ్రాముయొక్క సెట్టింగుల ఫైలులో 3306 అని వున్నచోట 3307 అని మార్చినారు. ఒక్క అంకె. ఇద్దరూ యిప్పటికీ ప్రక్కప్రక్క వాటాల్లో సుఖంగా వున్నారు.

ఖాళీ చేయించకుండానే

కాబట్టి యీ నెల చెప్పదలచిన ముఖ్యమైన మాట యిది. వాటా ఖాళీ లేదనగానే మొదటి ప్రశ్న "యెలా గెంటాలి" అని కాక, "యెవరున్నారు" అని వుండాలి. రెండవ ప్రశ్న "నాకు యీ నెంబరే కావాలా" అని. చాలాసార్లు అక్కరలేదు. 8080 బదులు 8081, 3000 బదులు 3001, 5000 బదులు 5001. నెంబరు మార్చిన తరువాత దాన్ని పిలిచేవాళ్ళకు కూడా కొత్త నెంబరు చెప్పాలి సుమా. బ్రౌజరులో చిరునామా తరువాత రెండు చుక్కలు పెట్టి కొత్త నెంబరు వ్రాయాలి. చెప్పకపోతే ఉత్తరాలన్నీ పాత వాటాకే పోతాయి.

లోపల వున్నవాడి పేరు యెప్పుడూ విననిదైతే, వాడి సంచిక కూడా అనుమానాస్పదమైన చోట వుంటే, తొందరపడి గెంటి వూరుకోవద్దు. పేరు వ్రాసుకొని, యంత్రానికి నెట్‌వర్కు తీసివేసి, విషయం తెలిసినవారికి చూపించండి. దొంగను వీధిగుమ్మంనుంచి తరిమితే పెరటిదారిన వస్తాడు. పోర్టులను ఒక్క మీటతో ఖాళీ చేయిస్తామని చెప్పే వూరూపేరూ లేని ప్రోగ్రాములను దించుకోవద్దు. పైన చెప్పిన పనిముట్లు యంత్రంతోపాటు వచ్చేవీ, లినక్సులో ఒకవేళ లేకపోతే దాని సొంత భాండారంలో దొరికేవీ. ఖర్చులేదు.

ఆఫీసుల్లో పనిచేసేవారికి ఒక చిన్న సలహా. నలుగురు వాడే కంప్యూటరుకు ప్రక్కన ఒక అట్టమీద పట్టీ వ్రాసి తగిలించండి. ఒక వరుసలో పోర్టు నెంబరు, రెండవదానిలో ప్రోగ్రాము పేరు, మూడవదానిలో అది యెవరి పని, నాలుగవదానిలో ఆపే ముందు యెవరిని అడగాలి. పది వరుసలకు మించి రాదు. కొత్తగా వచ్చినవాడు తెర చూసే ముందు ఆ అట్ట చూస్తాడు. నెలకొకసారి రిసోర్స్ మానిటరుతో సరిపోల్చి తేడాలు దిద్దితే చాలు.

ఇంట్లో చదువుకునే పిల్లలకైతే యింతే: రాత్రి పని ముగించేటప్పుడు ప్రోగ్రామును దాని పద్ధతిలో ఆపి, అప్పుడు కిటికీ మూయమనండి. ఆర్పి వెలిగించడం తప్పు కాదు గాని, దానివల్ల లోపల యెవరున్నారో యెన్నటికీ తెలియదు. ఒక్కసారి పేరు కనుక్కోవడం నేర్చుకున్న పిల్లవాడు రిపేరు అంగడికి పోడు. రేపు ఉద్యోగంలో చేరిన తరువాత, యెవరి జీతాల లెక్కమీదో చెయ్యి వేసే ముందు ఒక్కక్షణం ఆగి, "ఇది యెవరిదండీ?" అని అడుగుతాడు.